దోమలను లెక్కపెట్టిన రోనాల్డ్ రాస్

సర్ రోనాల్డ్ రాస్ పేరు చెప్పగానే మన సభ్యులలో చాలామందికి సికింద్రాబాద్, బేగంపేట గుర్తుకు వస్తాయి. మలేరియాకు దోమకు ఉన్న సంబంధాన్ని 1897లో ఆయన అక్కడే కనిపెట్టారని మన పిల్లలు పాఠాల్లో చదువుకున్నారు. ఆ తరువాత ఆయన మరో ముప్పై అయిదేళ్లు జీవించారు. ఏ ఊళ్లో జ్వరం ఎంత ఉంది, అది ఎలా పాకుతుంది, ఎప్పుడు తగ్గుతుంది అని లెక్క కట్టడం ఆ కాలంలో ఆయన చేసిన రెండవ గొప్ప పని. దీనికి అంత ప్రచారం రాలేదు. జిల్లా మలేరియా కార్యాలయంలో గుమాస్తాగా చేరి, ఆ లెక్కల రిజిస్టర్లే ఏళ్ల తరబడి రాసినవాడిని గనుక, ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం రాయమని అడిగినప్పుడు నాకు ముందుగా ఆయనే తోచారు.

రాస్ 1857 మే 13న, అంటే మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలైన మూడు రోజులకు, హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించారు. తండ్రి సైన్యంలో అధికారి. పదిమంది సంతానంలో ఈయనే పెద్దవాడు. ఎనిమిదో ఏట చదువు కోసం ఇంగ్లండ్ పంపేశారు. కుర్రవాడికి కవిత్వం మీద, బొమ్మలు వేయడం మీద మోజు. తండ్రిగారు మాత్రం వైద్యమే చదవాలన్నారు. చదివారు గాని మనసు పెట్టలేదు, పరీక్షలు ఒక పట్టాన పూర్తి కాలేదు. చివరకు 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు వచ్చారు. ఉద్యోగం తేలిక, తీరిక ఎక్కువ. ఆ తీరికలో నవలలు రాశారు, పద్యాలు అల్లారు, గురువు లేకుండానే గణితం నేర్చుకున్నారు. ఈ గణితమే తరువాత అక్కరకు వచ్చింది.

1883లో బెంగుళూరులో ఆయన బంగళాలో దోమల బాధ విపరీతంగా ఉండేది. కిటికీ దగ్గర ఉన్న నీళ్ల తొట్టిలో దోమపిల్లలు కదలడం చూసి ఆ నీళ్లు పారబోయించారు. దోమలు తగ్గిపోయాయి. అప్పటికి మలేరియా ఊసే లేదు. 1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద వైద్యుడు రోగి రక్తంలోని మలేరియా క్రిమిని ఆయనకు చూపించి, దీని వ్యాప్తిలో దోమకు పాత్ర ఉండవచ్చునని సూచించారు. 1895లో రాస్ సికింద్రాబాద్ తిరిగి వచ్చి ఆ పనిలో దిగారు. రెండేళ్లపాటు వందల దోమలను కోసి చూసినా ఏమీ దొరకలేదు. ఆయన కోస్తున్నవి అసలు ఆ జాతి దోమలే కావు.

1897 ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని, రెక్కల మీద మచ్చలున్న మరో రకం దోమల చేత కుట్టించారు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టచెప్పారు. నాలుగు రోజుల తరువాత, ఆగస్టు 20న, ఆ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి పెరుగుతూ కనిపించింది. అంతలోనే బదిలీ ఉత్తర్వు! రాజపుటానాలో మలేరియా అంతగా లేని ఖేర్వాడాకు పంపేశారు. బదిలీ అంటే ఏమిటో మన సభ్యులకు చెప్పనక్కరలేదు. మాన్సన్ తదితరుల ప్రయత్నం మీద కలకత్తా చేరి, 1898లో పిట్టలకు వచ్చే మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని, కాటుతోనే రోగం అంటుకుంటుందని నిరూపించారు. 1899లో ఉద్యోగం వదిలి లివర్‌పూల్ వెళ్లారు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడితో చాలామంది కథ ముగిస్తారు. రాస్‌కు మాత్రం అసలు చిక్కు ఇక్కడే మొదలయింది. దోమలు పుట్టే నీటిని తొలగిస్తే జ్వరం పోతుందని ఆయన వాదం. లాహోరు దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంటులో 1902 నుంచి దీన్ని ప్రయత్నించి చూశారు. కాలువలు పూడ్చారు, గుంటలు కప్పారు. ఫలితం అంతంతమాత్రమేనని అక్కడి అధికారులు తేల్చారు. రాస్ మండిపడ్డారు. ముందు ఎన్ని దోమలున్నాయో, తరువాత ఎన్ని ఉన్నాయో సరిగా లెక్కించకుండా తగ్గలేదని ఎలా అంటారన్నది ఆయన వాదన. అక్కడి అధికారులు కూడా సమర్థులే, వారి మాటలోనూ కొంత నిజముంది. కాని లెక్క విషయంలో రాస్ వైపే నేను మొగ్గుతాను.

1904లో అమెరికాలోని సెంట్ లూయీ సభలో ఆయన ఒక కొత్త ప్రశ్న లేవదీశారు. దోమ పుట్టినచోటి నుంచి ఎంత దూరం పోతుంది? అది తిన్నగా ఒక దిక్కుకు పోదు, అటూ ఇటూ తిరుగుతుంది గనుక ఎక్కువ దోమలు పుట్టిన గుంట చుట్టుపక్కలే మిగిలిపోతాయని గణితంతో చూపారు. అంటే ఊరి చుట్టూ కొంతమేర శుభ్రం చేసినా నడిబొడ్డున తగ్గుదల కనిపించాలి. ఈ సమస్యనే కార్ల్ పియర్సన్ అనే గణితవేత్త మరుసటి ఏడు ఒక పత్రికలో ప్రశ్నగా వేయగా, దాని నుంచి ఒక గణితశాఖే పెరిగింది.

1907 చివర ఆయనను మారిషస్ పిలిపించారు. ఆ దీవిలో 1860ల వరకు మలేరియా లేదు. వచ్చిన కొద్ది ఏళ్లలో వేలకు వేల మందిని పొట్టన పెట్టుకుంది. చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి వెళ్లిన కూలీలు అక్కడ ఎక్కువ. కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన మన తెలుగువారూ అందులో ఉన్నారు. రాస్ అక్కడ ఊరూరా, తోట తోటకూ పిల్లలను వరుసగా నిలబెట్టి ఎడమ డొక్క కింద చెయ్యి వేసి ప్లీహం పరీక్ష చేయించారు. మాటిమాటికీ మలేరియా వస్తే ప్లీహం పెరుగుతుంది. మన పల్లెల్లో కడుపులో బల్ల పెరిగిందనేవారు చూడండి, అదే. నూరుగురు పిల్లల్లో ఎందరికి బల్ల ఉందో ఆ ఊరి జ్వరానికి అదే కొలత. ఈ పద్ధతి ఆయన సొంతం కాదు. 1840లలోనే యమునా కాలువల వెంట ఉన్న గ్రామాల్లో డెంప్‌స్టర్ అనే వైద్యుడు వాడి చూశారు. కాని ఒక దీవి మొత్తం మీద ఊరివారీ లెక్క తీసి, దానికి ఒక సిద్ధాంతం జోడించినది రాస్.

ఆ సిద్ధాంతం వినడానికి తేలికే. ఒక ఊళ్లో కొందరు రోగులున్నారు. వారిని కుట్టే దోమలు కొన్నే. క్రిమి ఒంట్లో పండేదాకా, అంటే పదిరోజులకు అటూ ఇటూ, బ్రతికే దోమలు అందులోనూ కొన్నే. మళ్లీ మనిషిని కుట్టేవి ఇంకా తక్కువ. ఈలోగా కొందరు రోగులు కోలుకుంటారు. కొత్తగా పడేవారికంటే కోలుకునేవారు ఎక్కువైతే జ్వరం తనంతట తానే ఆరిపోతుంది. తాను వేసుకున్న అంచనాల ప్రకారం మనిషి ఒక్కింటికి సుమారు 40 దోమలకంటే తగ్గితే చాలునన్నారు. చివరి దోమ వరకూ చంపనక్కరలేదన్నమాట. ఈ సమీకరణాలను 1908 నివేదికలోనూ, తరువాతి గ్రంథాల్లోనూ పెంచుకుంటూ పోయారు. హిల్డా హడ్సన్ అనే గణితజ్ఞురాలు 1916, 1917లలో ఆయనకు తోడ్పడ్డారు. వైద్యులకు గణితం రాదు, గణితవేత్తలకు దోమ పట్టదు. కాబట్టి చదివినవారు తక్కువ.

మనిషి కోపిష్టి. ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాసీతో జీవితాంతం తగవు, మాన్సన్‌తోనూ చెడింది. తన శ్రమకు ప్రభుత్వం తగిన ప్రతిఫలం ఇవ్వలేదని అర్జీలు పెట్టుకున్నారు. 1914లో యుద్ధం మొదలైన నెలలోనే ఒక కొడుకు చనిపోయాడు. 1928లో తన కాగితాలు, ఉత్తరాలు అమ్ముకోవలసి వచ్చింది. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో మరణించారు.

మన దేశంలో 1953లో మలేరియా నియంత్రణ, 1958లో నిర్మూలన కార్యక్రమం వచ్చాయి. పదిహేను రోజులకోసారి కార్యకర్త ఇంటింటికీ వెళ్లి జ్వరం వచ్చినవారి రక్తపు చుక్క గాజుపలక మీద తీసి, గోడ మీద తేదీ వేసి వచ్చేవాడు. వెయ్యిమంది జనాభాకు ఏడాదికి ఎన్ని కేసులన్నది మేము గ్రామాలవారీ కట్టి, పటం మీద రంగులు వేసేవాళ్లం. రాస్ లెక్కకు ఇది మనవడి వరస. దేశంలో ఏటా ఏడున్నర కోట్లుగా ఉండిన కేసులు 1965 నాటికి లక్షకు దిగాయి, 1976లో 64 లక్షలకు ఎక్కాయి. నేను ఉద్యోగంలో కుదురుకున్నది ఆ ఏళ్లలోనే. అప్పుడు పటంలో నన్ను భయపెట్టినవి ఎర్రరంగు ఊళ్లు కావు, తెల్లగా మిగిలినవి. కేసులు సున్నా అని వచ్చేది. పక్క గడిలో తీసిన పలకలు ఎన్ని అని చూస్తే అక్కడా సున్నాయే. కొండదారి కష్టమని అక్కడికి ఎవరూ వెళ్లలేదు. మరుసటి వర్షాకాలం చావు కబురు ఆ ఊళ్ల నుంచే వచ్చేది. ఒక గూడెం నుంచి ఒకే వారంలో ముగ్గురు పిల్లలు పోయారని వచ్చిన కాగితం నేనే ఆవకలో ఎక్కించాను.

రాస్ లెక్కను 1950లలో జార్జ్ మక్‌డొనాల్డ్ అనే ఆయన మళ్లీ తెరిచి, దోమల సంఖ్యకంటే దోమ ఆయుష్షు ముఖ్యమని చూపారు. పదిరోజులు బ్రతకకముందే చస్తే చాలు, అది కుట్టినా రోగం అంటదు. ఇంటి గోడలకు మందు కొట్టేది ఇందుకే. గోడ మీద వాలిన దోమ త్వరలోనే పోతుంది. మా వాళ్లు మందు కొట్టి వెళ్లిన వారానికే, పండగ వస్తోందని ఇల్లాళ్లు గోడలన్నీ శుభ్రంగా పేడతో అలికేసేవారు.