తండ్రి లేని విద్యార్థి

అల్లూరి సీతారామరాజు పేరు వినగానే మన్యపు కొండలు, విల్లంబులు, పోలీసు ఠాణాల ముట్టడి స్ఫురించును. అంతకు పూర్వమాయన పరీక్ష తప్పిన విద్యార్థి. ఊరూర బడులు మారిన బాలుడు. ఆ కథను మన పిల్లలు అంతగా వినరు.

1897 జూలై 4వ తేదీన విశాఖపట్టణ మండలమందలి పాండ్రంగిలో రాజు జన్మించెను. స్వగ్రామము భీమవరము చెంతనున్న మోగల్లు. తండ్రి వెంకటరామరాజు రాజమహేంద్రవరమున ఛాయాచిత్రకారుడు. కుమారుడు దొరకు సలాము చేయగా ఆయన సహింపలేదని చెప్పుకొందురు. అది జరిగినదో, తరువాతి కీర్తి వెనుకకు పోయి కల్పించినదో గాని, ఆ తండ్రి నీడ పిల్లవానిపై దట్టముగా పడినదని నమ్మవచ్చును. 1908లో ఆ నీడ తొలగెను. రాజుకప్పుడు పదునొకండేండ్ల ప్రాయము.

తల్లి సూర్యనారాయణమ్మకు ముగ్గురు పిల్లలు మిగిలిరి. రెవెన్యూ ఉద్యోగియైన పినతండ్రి రామకృష్ణంరాజు చదువునకు అండగా నిలిచెను. కొవ్వాడ నుండి భీమవరమునకు నిత్యము నడచిపోయి చదివిన యేడు బాలుడు పరీక్ష తప్పెను. పిమ్మట రాజమహేంద్రవరము, రామచంద్రపురము, కాకినాడ, నరసాపురము, విశాఖపట్టణము, తుని! ఉపాధ్యాయులు ఈ పట్టికను ఒక్కసారి నిదానముగా చదువవలెను. చోటు మారిన ప్రతిసారియు కొత్త బల్ల, కొత్త గురువు, కొత్త తోటివారు. సాయంకాలము ఇంటికి వచ్చి ఆనాటి ముచ్చట చెప్పుకొనుటకు తండ్రి లేడు. పినతండ్రి చేసిన మేలు చిన్నది కాదు. అయినను జీతము కట్టు చేయి వేరు, వెన్ను నిమురు చేయి వేరు. కాకినాడలో పిఠాపురము రాజావారి పాఠశాలయందు మద్దూరి అన్నపూర్ణయ్య వంటి సహాధ్యాయి దొరకెను గాని అక్కడను చదువు నిలువలేదు.

తల్లి తునిలో కాపురముండుట రాజుకు పెద్ద ఆసరా. తుని ఒక వింత కూడలి: ఒక ప్రక్క రైలు దారి, వేరొక ప్రక్క తాండవ నది, ఆవల మన్యమునకు పోవు కొండల వరుస. బడి గోడల నడుమ నిలువని మనస్సు ఆ కొండలయందు నిలిచెను. మందబుద్ధియని ఆ బాలుని ఎవరైన తలచియుండిన అది పొరపాటు. గుర్రపుస్వారి, జ్యోతిషము, మూలికావైద్యము అతడు పట్టుదలతో నేర్చినవే. వానికి మార్కులు వేయు బడి మాత్రము లేదు. ఇల్లు విడిచి తిరుగు పెద్దకొడుకును గూర్చి ఆ తల్లి పడిన దిగులు ఏ చరిత్రకారుడును కొలువలేదు. అయినను ఆమె గుమ్మము అతనికి మూతపడలేదు.

1916లో రాజు ఉత్తరదేశ యాత్రకు వెడలెను. తిరిగివచ్చి 1917లో కృష్ణదేవిపేట చేరెను. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా మూడు దినములు దాడులు జరిగెను. 1924 మే 7వ తేదీన కొయ్యూరులో ఆయనను కాల్చి చంపిరి. అప్పటికాయన వయస్సు ఇరువదియారేండ్లు. సమాధి కృష్ణదేవిపేటలో కలదు.