వనసేవకుడు డీట్రిక్ బ్రాండిస్

చెట్టును నాటినవాడు పుణ్యాత్ముడని మన పెద్దలు చెప్పుదురు. కాని మహారణ్యమును ఎవ్వరును నాటలేదు. అది తనంతట తాను పెరిగినది. తాను నాటనిదానిని నరకుటకు మానవునకు ఎంతవరకు హక్కు కలదు? ఈ ప్రశ్నకు లెక్క గట్టి సమాధానము చెప్ప యత్నించి, ఆ యత్నములోనే జీవితమును గడపినవాడు డీట్రిక్ బ్రాండిస్. ఉష్ణమండలారణ్య శాస్త్రమునకు ఆయన పితృస్థానీయుడని లోకము గౌరవించుచున్నది.

ఆయన 1824వ సంవత్సరము మార్చి 31వ తేదీన జర్మనీలోని బాన్ నగరమున జన్మించెను. తండ్రి తత్త్వశాస్త్రాచార్యుడు. గ్రీసు రాజునకు సలహాదారుగా తండ్రి ఏథెన్సునకు వెళ్లినపుడు బాలుడును ఆయన వెంట నుండెను. పిమ్మట వృక్షశాస్త్రము నభ్యసించి, 1849లో బాన్ విశ్వవిద్యాలయమున ఉపన్యాసకుడయ్యెను. 1854లో శ్రీరామపురపు మిషనరీ జాషువా మార్ష్‌మన్ కుమార్తె రేచెల్‌ను వివాహమాడెను. ఆమె సోదరి భర్త హేవ్‌లాక్ సేనాని. ఆ బంధుత్వము మూలమున బ్రాండిస్ పేరు గవర్నర్ జనరల్ డల్హౌసీ చెవిని బడెను. పుస్తకముల నడుమ సాగవలసిన జీవితము బర్మా అడవులవైపు మరలెను.

1852 యుద్ధములో ఆంగ్లేయులు పెగూ రాష్ట్రమును వశపరచుకొనిరి. ఓడలకు టేకు కావలెను. రైలుమార్గములకు దూలములు కావలెను. వర్తకుల గొడ్డళ్లు ఏటి యొడ్డుననున్న మహావృక్షములను ముందుగా కూల్చుచుండెను. లోపలి అడవిలో ఎన్ని చెట్లు కలవో, అవి ఎన్నియేండ్లకు ఎదుగునో ఎరిగినవాడు లేడు. 1856 జనవరిలో బ్రాండిస్ ఆ అడవుల పర్యవేక్షణాధికారిగా నియుక్తుడయ్యెను.

ఆయన మొదట చేసినపని లెక్కించుట. ఏనుగునెక్కి కొండల వెంబడి పోవుచు, త్రోవ కిరుప్రక్కల కనబడిన టేకుచెట్లను లావునుబట్టి తరగతులుగా విభజించి, కాగితమునకు మారుగా వెదురుపుల్లలపై చాకుతో గాట్లు పెట్టుచు పోయెడివాడు. సాయంకాలము గుడారమున ఆ గాట్లను లెక్కవేసి వ్రాసికొనెడివాడు. అడవిజ్వరము పీడించినను ఆ పని మానలేదు. ఆ లెక్కలనుండి ఆయన ఒక ధర్మమును సాధించెను. అడవి అసలు, ఏటేట పెరుగు కలప వడ్డీ. వడ్డీని వాడుకొనుము, అసలును ముట్టకుము. పచ్చి టేకు నీట తేలదు. కనుక ముందుగా మొదట బెరడును చుట్టును చెక్కి, చెట్టును నిలువుననే ఎండనిచ్చి, కొన్నియేండ్లకు నరకి ఏటిలో విడిచెదరు. ఆరడుగుల చుట్టుకొలతకు ఎదిగిన చెట్లనే, అవియు ఏటికి కొన్నింటినే అట్లు చెక్కవలెనని ఆయన నియమించెను. వర్తకులు ఆయనకు విరోధులైరి.

అడవిలో చెట్లే కాక మనుష్యులును కలరని ఆయన మరువలేదు. బర్మా కొండలలో కరెనులు అడవిని నరకి, కాల్చి, ధాన్యము పండించి, మరియొక తావునకు పోవుదురు. దానిని వారు టౌంగ్యా అందురు. అది మన మన్యపు పోడువంటిదే. వారిని శత్రువులుగా చూచు అధికారులు పెక్కుమంది. బ్రాండిస్ వారితో ఒడంబడిక చేసికొనెను. వరితోపాటు టేకును నాటినచో వారికి ప్రతిఫలము ముట్టును. పంట కోసి వారు వెడలిన పిమ్మట టేకు నిలుచును. అయితే ఈ పద్ధతివలన నానాజాతి వృక్షములుండవలసిన చోట ఒక్క టేకే మిగిలెనని నేటి శాస్త్రజ్ఞులు విమర్శింతురు. ఆ విమర్శ న్యాయమైనదే. సామ్రాజ్యమునకు కావలసినది కలప. ఆయన ఆ సామ్రాజ్యపు కొలువులోనివాడు.

1864లో ఆయన భారతదేశమునకు మొట్టమొదటి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యెను. 1865లో తొలి అటవీ చట్టము, 1878లో దానికన్న బలమైన చట్టము, ఆ యేటనే డెహ్రాడూనులో అటవీ పాఠశాల వెలసినవి. 1878 చట్టమునకు ముందు గొప్ప వివాదము జరిగెను. అడవి సర్వస్వము ప్రభుత్వమునదేయని బేడెన్‌పావెల్ వాదించెను. గ్రామమునకు తన అడవి తనకుండవలెనని బ్రాండిస్ కోరెను. కొడగులో దేవరకాడులను చూచి, శాసనము లేకయే ప్రజలు భక్తితో వనమును కాపాడగలరని ఆయన గ్రహించియుండెను. చట్టములో గ్రామవనములకు ఒక అధ్యాయమైతే దక్కెను గాని, అది చాలవరకు కాగితముపైననే మిగిలెను. ప్రభుత్వవనములు మాత్రము ఏటేట విస్తరించెను.

ఆ చట్టమును మద్రాసు ప్రభుత్వము అంగీకరింపలేదు. 1881లో బ్రాండిస్ ఆ రాజధానికి వచ్చెను. ఆయన సలహాతో 1882లో మద్రాసు అటవీ చట్టము ఏర్పడెను. దాని నిబంధనలు తెలుగు మన్యమున పోడును అరికట్టెను. తరతరములుగా తమదనుకొన్న అడవిలో గిరిజనులు అపరాధులైరి. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున రగిలిన తిరుగుబాటునకు ఆ బాధయు ఒక కారణము. కరెనులతో ఒడంబడిక చేసికొన్న మనుష్యుని చేయి సోకిన చట్టమే ఇట్లు పరిణమించుట ఆయన చరిత్రలోని విషాదము.

1883లో ఉద్యోగవిరమణ చేసిన పిమ్మట ఆయన విశ్రమింపలేదు. అమెరికా నుండి వచ్చిన గిఫర్డ్ పింఛోకు అటవీవిద్యలో మార్గము చూపెను. ఆ శిష్యుడే 1905లో తన దేశపు అటవీశాఖకు తొలి అధిపతి అయ్యెను. తుదిదినములలో బ్రాండిస్ భారతదేశపు వృక్షములపై ఉద్గ్రంథము రచించెను. 1906లో అది వెలువడునాటికి ఆయన వయస్సు 82 సంవత్సరములు. అందు 4,000కు పైగా జాతులు వర్ణింపబడినవి. యౌవనమున టేకునే లెక్కించినవాడు వార్ధక్యమున పొదను, తీగను, వెదురును కూడ విడువక పేరుపేరున పరిచయము చేసెను. మరుసటియేడు మే 28వ తేదీన బాన్ నగరముననే కన్నుమూసెను.

అడవిలో నివసించువారి హక్కులను గుర్తించు చట్టము మన దేశమున 2006లో వచ్చినది. గ్రామమునకు తన అడవి తనకుండవలెనని బ్రాండిస్ వాదించి అప్పటికి నూరేండ్లు దాటినవి. బర్మాలో మొలచు ఒక మహావేణువునకు శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టిరి. అడవిలెక్కను వెదురుపుల్లలపై గాట్లుగా వ్రాసికొన్నవానికి అంతకన్న తగిన స్మారకము వేరొకటి లేదు.