కొమర్రాజు వెంకట లక్ష్మణరావు

కొమర్రాజు వెంకట లక్ష్మణరావు (1877 - 1923) చరిత్రకారుడు, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం సంపాదకుడు, విజ్ఞాన చంద్రికా మండలి స్థాపకులలో ప్రముఖుడు. పదార్థ విజ్ఞానం వంటి ఆధునిక శాస్త్రాలు తెలుగు చదువరులకు వారి భాషలోనే అందాలని కృషి చేశాడు.

బాల్యం, విద్య

1877 మే 18న కృష్ణా జిల్లా (ప్రస్తుతం ఎన్టీఆర్ జిల్లా) పెనుగంచిప్రోలులో జన్మించాడు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయి, అక్క భండారు అచ్చమాంబ, బావగార్ల వద్ద నాగపూరులో చదువుకున్నాడు. పాఠశాలకు వెళ్ళే అవకాశం లేని అక్క చదువుకు ఇతడే తోడ్పడ్డాడు. ఆమె తరువాత పేరొందిన రచయిత్రి అయింది. లక్ష్మణరావు ఎం.ఏ. పట్టా పొంది, మునగాల సంస్థానంలో దివానుగా పనిచేశాడు.

విజ్ఞాన చంద్రికా మండలి

ఆనాడు ఉన్నత తరగతుల బోధన ఇంగ్లీషులో సాగేది. ఆ భాష రానివారికి ఆధునిక శాస్త్రాలు దూరంగానే ఉండేవి. ఈ కొరత తీర్చడానికి 1906లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు మొదలైనవారితో కలిసి హైదరాబాదులో మండలిని నెలకొల్పాడు. 1908లో అది మద్రాసుకు మారింది. మంత్రిప్రగడ సాంబశివరావు రచించిన పదార్థ విజ్ఞాన శాస్త్రము, వేమూరి విశ్వనాథశర్మ రచించిన రసాయన శాస్త్రము, ఆచంట లక్ష్మీపతి రచించిన జీవశాస్త్రము మండలి ప్రచురణలలోనివి.

ఈ కృషి ప్రాధాన్యం

పదార్థాన్ని గురించిన పాఠాలు వేర్వేరు పుస్తకాలలో ఉన్నా పదార్థం ఒక్కటే. పల్నాడులో సున్నపు బట్టీలకు పేరొందిన పిడుగురాళ్ళ ఇందుకు మంచి ఉదాహరణ. బట్టీలో సున్నపురాయిని కాల్చితే బొగ్గుపులుసు వాయువు వెలువడి పొడిసున్నం మిగులుతుంది. దానిపై నీరు పోస్తే వేడి పుట్టి తడిసున్నం అవుతుంది. గోడకు పూసిన ఆ సున్నం గాలిలోని అదే వాయువును పీల్చుకొని క్రమంగా మళ్ళీ రాయివలె గట్టిపడుతుంది. ఉష్ణం, వాయువు, రసాయనిక మార్పు అనే మూడు పాఠాలు ఇక్కడ ఒక్కటవుతాయి. విద్యార్థి తాను చూసినదానిని తన మాటలలోనే చెప్పుకోగలిగితే ఈ సంబంధం సులువుగా బోధపడుతుంది. శాస్త్ర గ్రంథాలు మాతృభాషలో ఉండవలసిన అవసరం ఇదే.

విజ్ఞాన సర్వస్వం

అన్ని శాస్త్రాలను ఒకచోట చేర్చే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని చేపట్టి, అనేక వ్యాసాలను స్వయంగా రచించాడు. మూడు సంపుటాలు వెలువడ్డాయి. పని పూర్తికాకముందే 1923 జూలైలో మద్రాసులో, 46వ ఏట మరణించాడు. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు ఆ పనిని మళ్ళీ చేపట్టాడు.