జాన్సెన్ పండితుని చరిత్రము

మా ఆలూరు ప్రాంతమున వానలకు కొదువ గాని ఆకాశమునకు కొదువ లేదు. నల్లరేగడి చేలకు ఆవల పడమటి దిక్కున చూపునకు అడ్డమేమియు నుండదు. ఒకనాటి సాయంకాలము మా విద్యార్థులు కొందరు సెల్‌ఫోనులతో సూర్యాస్తమయమును, అటుపిమ్మట కనుపించిన నెలవంకను చిత్రములు తీసి మాకు చూపిరి. సూర్యుడు తెల్లని మచ్చగాను, నెలవంక చెదరిన గీతగాను పడెను. కంటికి అంత సొంపుగా నగపడునది చిత్రమున ఏల పడదని వారు మమ్మడిగిరి. ఇట్టి ప్రశ్నకై తన యాయువు నంతయు ధారవోసిన యొక మహనీయుని చరిత్రమును వారి కొరకు ఇచట వ్రాయుచున్నాము. ఆయన పరదేశీయుడే, అయినను ఆయన కీర్తికి మూలమైన పని మన తెలుగునాట, గుంటూరులో జరిగెను.

జూల్ జాన్సెన్ 1824వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన పారిసు నగరమున జన్మించెను. తండ్రి సంగీత విద్వాంసుడు. పసితనమున దాది అజాగ్రత్త వలన కలిగిన ప్రమాదముచే బాలునికి ఒక కాలు కుంటిదయ్యెను. అందువలన అతడు తోడి బాలురవలె బడికి పోవుటకు వీలుపడలేదు. ఇంటి స్థితి తగ్గిపోగా బ్యాంకులో కొలువు చేయుచు, తీరిక వేళల చదువుకొని పట్టములు పొందెను. 1860లో, అనగా ముప్పదియారవ యేట, డాక్టరు పట్టమును గడించెను. ఆలస్యముగా చదువు సాగించువారు నిరాశ చెందనక్కరలేదనుటకు ఇది యొక తార్కాణము.

ఆయన మనసు నాకర్షించిన వానిలో అస్తమించు సూర్యుడొకడు. సూర్యకాంతిని పట్టకము గుండ పంపి విడదీసినచో రంగుల నడుమ సన్నని నల్లని గీతలు కనబడును. వీనిలో కొన్ని గీతలు మధ్యాహ్నమున పలుచగా నుండి, ఉదయాస్తమయములందు చిక్కబడుటను జాన్సెన్ శ్రద్ధతో పరిశీలించెను. సూర్యుడు దిగంతమున నున్నప్పుడు కిరణములు మన గాలిలో మిక్కిలి దూరము పయనింపవలసి యుండును. కావున ఆ గీతలు సూర్యుని వలన గాక మన భూమి వాయువుల వలన కలుగుచున్నవని ఆయన నిశ్చయించెను. నమ్మకము కలుగుటకై 1864లో జెనీవా సరస్సు ఒడ్డున కట్టెలమంట వేయించి, చాల దూరము నుండి ఆ వెలుగును పరీక్షించెను. 1866లో 37 మీటర్ల గొట్టమును నీటియావిరితో నింపి, దాని గుండ వచ్చు కాంతిని చూచెను. ఊహించుట వేరు, ఋజువు చేయుట వేరని ఆయన యెరుగును.

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము కలిగెను. దాని దారి మన దేశము మీదుగా పోవుటచే జాన్సెన్ ఫ్రాన్సు నుండి ఓడపై బయలుదేరి గుంటూరు చేరి, అచటి ఫ్రెంచి వర్తకుని యింట తన పరికరములు నెలకొల్పెను. అదే పట్టణమునకు మేజరు టెనెంట్ అను నాంగ్లేయుడును ఛాయాచిత్రములు తీయుటకు వచ్చియుండెను. అది వానకాలము. ఒక్క మబ్బు అడ్డుపడినను వేల మైళ్ల ప్రయాణము వృథాయగును. కాని ఆ యుదయమున సూర్యుడు దర్శనమిచ్చెను. అయిదు నిమిషములకు పైగా పగలు చీకటియయ్యెను. నల్లని బింబము చుట్టును లేచిన యెర్రని జ్వాలలు మండుచున్న వాయువులనియు, అందు ఉదజని ముఖ్యమనియు జాన్సెన్ వర్ణపటమున కనుగొనెను.

ఆ గీతలు మిక్కిలి ప్రకాశించుట చూచి, గ్రహణము లేకున్నను వీనిని చూడవచ్చునని ఆయనకు తోచెను. మరునాటి యుదయముననే యత్నించి కృతకృత్యుడయ్యెను. నిమిషముల పాటు మాత్రమే లభించు దర్శనము నాటినుండి నిత్యమును లభించునదయ్యెను. సెప్టెంబరు 19వ తేదీన కాకినాడ నుండి ఈ సంగతిని పారిసు పండితసభకు వ్రాసెను. ఆ యుత్తరము ఓడలపై మెల్లగా సాగి, అక్టోబరు 26వ తేదీన సభకు చేరెను. సరిగా ఆనాడే ఇంగ్లండు నుండి నార్మన్ లాకియర్ అను పండితుడు స్వతంత్రముగా కనుగొన్న యిట్టి విధానమే సభ ముందుకు వచ్చెను. ముందెవరు, వెనుకెవరు అని కలహము పుట్టుటకు తగిన సందర్భమది. కాని ఇరువురును ఒండొరులను గౌరవించిరి. ఫ్రెంచి ప్రభుత్వము 1872లో ఇరువురి ముఖములను ఒకే పతకముపై అచ్చొత్తించెను. హీలియము వాయువును జాన్సెన్ ఒక్కడే గుంటూరులో కనుగొనెనని పలువురు చెప్పుదురు. ఆ పసుపుపచ్చ గీత క్రొత్తదని గుర్తించిన ఘనత ముఖ్యముగా లాకియరుది. భూమిపై దానిని 1895లో రామ్సే కనుగొనెను. ఎవరి పాలు వారికిచ్చుటయే జాన్సెన్‌ను గౌరవించుట.

1870 డిసెంబరు 2వ తేదీన పారిసు శత్రుసేనల ముట్టడిలో నుండగా, ఆయన గ్రహణము చూచుటకై బెలూనెక్కి పట్టణము దాటెను. ఆఫ్రికాలోని ఒరానుకు చేరెను గాని ఆనాడు మబ్బు కమ్మెను. ప్రాణమునకు తెగించినను ఫలము దక్కలేదు. మరుసటి సంవత్సరము డిసెంబరులో మరల మన దేశమునకు వచ్చి, నీలగిరులలోని షోలూరున సూర్యుని కిరీటకాంతిని దర్శించెను. 1874లో జపానులోని నాగసాకి నుండి, సూర్యుని మీదుగా శుక్రుడు పోవుటను, తిరుగు పలకపై వెంటవెంట చిత్రములు తీయు యంత్రముతో పట్టెను. చలనచిత్రములకు ఇది పూర్వరూపమని చెప్పుదురు.

తరువాత మ్యూడోనులో వేధశాల స్థాపించి, 1876 మొదలు సూర్యుని వేలకొలది ఛాయాచిత్రములు తీయించెను. అందు సూర్యునికి సెకండులో వేయవ వంతుకంటె తక్కువ కాలము చాలెను. 1881లో ఆయన నెలవంక వైపు తిరిగెను. మూడునాళ్ల చంద్రుని వంక నడుమ మిగిలిన బింబము బూడిదవన్నెతో కానవచ్చుట మనమెరుగుదుము. అది భూమిపై పడి మరలి చంద్రుని చేరిన సూర్యకాంతియే. ఆ వేళ చంద్రునిపై నిలిచి చూచినచో మన భూమి నిండు పున్నమివలె వెలుగుచుండును. ఆ మసక వెలుగును జాన్సెన్ పొట్టి దూరదర్శినితో, పలకను చాలసేపు తెరచియుంచి, పట్టగలిగెను. సూర్యునికి తొందర, నెలవంకకు ఓర్పు: మా విద్యార్థుల ప్రశ్నకు ఇదియే యుత్తరము.

కుంటికాలితో నడువలేని ఆ వృద్ధుడు, మనుష్యులు లాగు బండిపై మంచుకొండయైన మోంబ్లాంకు శిఖరమెక్కి, 1893లో అచట వేధశాల నిలిపెను. మంచుపై కట్టిన యా కట్టడము తరువాత క్రుంగి, 1909లో తొలగింపబడెను. దానిని ఆయన చూడలేదు. 1907 డిసెంబరు 23వ తేదీన ఎనుబదిమూడేండ్ల వయసున మ్యూడోనులో మరణించెను.

ప్రియ విద్యార్థులారా, సూర్యుని వైపు దుర్భిణితో గాని వట్టి కంటితో గాని తేరి చూడకుడు. అమావాస్య గడచిన మూడవనాటి సాయంకాలమున మాత్రము ఊరి వెలుపలకు పొండు. సెల్‌ఫోనును చేత పట్టుకొనక గోడపై కదలకుండ నిలిపి, నెలవంక కౌగిటిలోని మసక బింబమును చిత్రించుటకు యత్నింపుడు. మొదటిసారి పడకున్న మరల యత్నింపుడు. వచ్చిన చిత్రము నెవరు తెచ్చినను, మేము సంతోషముతో చూతుము.