చార్లెస్ అట్లాస్

చార్లెస్ అట్లాస్ అసలు పేరు ఏంజెలో సిసిలియానో. ఆయన 1892లో ఇటలీ దేశంలోని ఆక్రిలో జన్మించాడు. బాల్యంలోనే అమెరికా చేరి బ్రూక్లిన్‌లో పెరిగాడు. యౌవనారంభంలో ఆయన బరువు 44 కిలోలు మాత్రమే! సముద్రతీరంలో ఒక బలిష్ఠుడు ముఖంపై ఇసుక చిమ్మగా, ఎదిరించలేక అవమానభారంతో ఇల్లు చేరాడు. తరువాతి కాలంలో ఈ సంఘటనే ఆయన వ్యాపార ప్రకటనలకు ఆధారమైంది కనుక, ఇందులో కొంత అతిశయోక్తి ఉండవచ్చు.

వ్యాయామ పరికరాలు కొనే స్తోమత లేక, కర్రకు రాళ్ళు కట్టి ఎత్తేవాడు. ఫలితం స్వల్పమే. ఒకనాడు జంతుప్రదర్శనశాలలో ఒళ్ళు విరుచుకొంటున్న సింహాన్ని చూచి, బరువులెత్తకుండానే దానికి అంతటి కండపుష్టి ఎలా కలిగిందని ఆలోచించాడు. ఒక కండరాన్ని మరొక కండరంతో ప్రతిఘటింపజేసే పద్ధతి ఆ ఆలోచన నుండి పుట్టింది.

అయితే కృశించిన దేహానికి వ్యాయామమొక్కటే చాలదు. శ్రమించిన కండరం మరల పెరగడానికి మాంసకృత్తులు కావాలి. వ్యయమయ్యే శక్తికి మించి భుజించకపోతే, ఆ మాంసకృత్తులలో కొంతభాగం ఇంధనంగానే ఖర్చయిపోతుంది. అందుకే కాబోలు, అట్లాస్ తపాలా ద్వారా పంపిన పాఠాలలో పాలు, పండ్లు, కూరగాయలు, ముడిగోధుమ రొట్టె ప్రముఖస్థానం పొందాయి. ఆహారాన్ని నింపాదిగా నమలాలని, మద్యపానం, ధూమపానం విడనాడాలని ఆయన బోధించాడు.

1922లో న్యూయార్క్‌లో జరిగిన దేహసౌష్ఠవ పోటీలో ఆయన విజేతగా నిలిచాడు. అప్పటికి ఆయన బరువు సుమారు 80 కిలోలు. శిల్పులు ఆయనను నమూనాగా నిలుపుకొని విగ్రహాలు మలిచారు. వార్ధక్యంలోనూ నిత్యవ్యాయామం మానని అట్లాస్ 1972 డిసెంబరులో, 80వ ఏట కన్నుమూశాడు.