ఎడ్వర్డ్ లూకాస్

ఎడ్వర్డ్ లూకాస్ (ఏప్రిల్ 4, 1842 - అక్టోబర్ 3, 1891) ఫ్రాన్సు దేశానికి చెందిన సుప్రసిద్ధ గణిత శాస్త్రవేత్త. 39 అంకెలు గల 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని 1876లో నిరూపించాడు. యంత్ర సహాయం లేకుండా, కేవలం చేతిలెక్కతో నిరూపింపబడిన ప్రధాన సంఖ్యలలో ఇదే అతి పెద్దది.

జీవితం

లూకాస్ ఉత్తర ఫ్రాన్సులోని ఆమియెన్ పట్టణంలో జన్మించాడు. పారిస్‌లోని ఎకోల్ నార్మాల్ సుపీరియర్‌లో విద్యాభ్యాసం ముగించి, పారిస్ ఖగోళ వేధశాలలో ఉద్యోగిగా చేరాడు. 1870-71లో ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య జరిగిన యుద్ధంలో ఫిరంగి దళాధికారిగా పనిచేసాడు. యుద్ధానంతరం మొదట మూలాన్‌లోను, తరువాత పారిస్‌లోను ఉన్నత పాఠశాలలలో గణితం బోధించాడు.

ప్రధాన సంఖ్య నిరూపణ

2 యొక్క ఘాతం నుండి 1 తీసివేయగా వచ్చే సంఖ్యలను మెర్సెన్ సంఖ్యలు అంటారు. 257 వరకు గల ఏయే ఘాతాలకు ఇవి ప్రధాన సంఖ్యలవుతాయో 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి మతాచార్యుడు ఒక పట్టిక ప్రకటించాడు. కాని నిరూపణ ఇవ్వలేదు. ఆ పట్టికలో 67, 127 కూడా ఉన్నాయి.

ఇంత పెద్ద సంఖ్యను చిన్న సంఖ్యలతో ఒక్కొక్కటిగా భాగించి చూడటం మానవమాత్రులకు అసాధ్యం. కారణాంకాలను వెదకకుండానే విషయం తేల్చే మార్గాన్ని లూకాస్ కనుగొన్నాడు. 3తో మొదలుపెట్టి, ప్రతి పదాన్ని వర్గం చేసి 2 తీసివేయాలి. ఫలితాన్ని పరీక్షించవలసిన సంఖ్యతో భాగించి శేషాన్ని మాత్రమే ఉంచుకోవాలి. ఘాతం కంటే ఒకటి తక్కువ స్థానంలోని పదం సున్న అయితే అది ప్రధాన సంఖ్య. ఉదాహరణకు 2⁷ − 1, అనగా 127కు వచ్చే పదాలు 3, 7, 47, 48, 16, 0. ఆరవ పదం సున్న కనుక 127 ప్రధాన సంఖ్య. ఘాతాన్ని 4తో భాగించగా 3 మిగిలినపుడు ఈ విధానం వర్తిస్తుంది. 2¹²⁷ − 1కు 126వ పదం వరకు వెళ్ళాలి. అంటే 39 అంకెల వరకు ఉండే సంఖ్యలను వందకు పైగా సార్లు వర్గం చేసి భాగించాలి.

2⁶⁷ − 1 ప్రధాన సంఖ్య కాదని కూడా లూకాస్ నిరూపించాడు. దానితో మెర్సెన్ పట్టికలో తప్పు బయటపడింది. అయితే ఈ విధానం కారణాంకాలను చూపదు. వాటిని 1903లో అమెరికా గణితజ్ఞుడు కోల్ ప్రకటించాడు.

ఇతర కృషి

ఫిబొనాచీ శ్రేణికి ఆ పేరు ప్రచారంలోకి తెచ్చినది లూకాస్. 2, 1, 3, 4, 7, 11, 18 అని సాగే శ్రేణిని ఈయన పేరుతో లూకాస్ సంఖ్యలు అంటారు. 1883లో హనోయి గోపురం అనే ఆటను మారుపేరుతో వెలువరించాడు. కాశీలోని ఒక ఆలయంలో పూజారులు 64 బంగారు బిళ్ళలను ఒక కడ్డీ నుండి మరొకదానికి మారుస్తున్నారనే కల్పిత కథ ఈ ఆటతో ముడిపడి ఉంది. అందుకు కావలసిన ఎత్తులు 2⁶⁴ − 1. ఇదీ మెర్సెన్ సంఖ్యల రూపంలోనిదే.

మరణం, ప్రభావం

1891లో ఒక విందులో పగిలిన పింగాణీ పళ్ళెం ముక్క తగిలి లూకాస్ చెంపకు గాయమైంది. గాయం విషమించి, కొద్దిరోజులకే 49 ఏళ్ళ వయసులో పారిస్‌లో మరణించాడు.

2¹²⁷ − 1 కంటే పెద్ద ప్రధాన సంఖ్య 1951 వరకు తెలియలేదు. లూకాస్ విధానాన్ని 1930లో అమెరికా గణితజ్ఞుడు లెహ్మర్ మెరుగుపరచాడు. 2024లో కనుగొన్న, 4,10,24,320 అంకెలు గల ప్రధాన సంఖ్యను ధృవీకరించినది కూడా ఈ లూకాస్-లెహ్మర్ పరీక్షతోనే.