వెన్నెలకంటి రాఘవయ్య

నెల్లూరు తీరమున, స్వర్ణముఖీనది కడలిని చేరు సీమలో కోట, వాకాడు మొదలగు గ్రామములు కలవు. తూర్పున సముద్రము, దానికి ఈవల బకింగ్‌హామ్ కాలువ, దక్షిణమున పులికాటు సరస్సు, సరస్సునకును సముద్రమునకును నడుమ శ్రీహరికోట దీవి. ఈ సీమలోని ఊళ్ల పొలిమేరలయందు, చెరువుగట్ల మీద, కాలువల ఒడ్డున చిన్న చిన్న గుడిసెలలో యానాదులు తరతరములుగా నివసించుచు వచ్చిరి.

యానాదులు మిక్కిలి నేర్పరులు. ఏ కాలువలో ఏ చేప తిరుగునో, ఏ చెట్టుపై తేనెపట్టు ఉండునో, ఏ వేరు ఏ వ్యాధికి మందగునో వారికి తెలియును. వరిచేలలోని ఎలుకలను పట్టి రైతుల పంటను కాపాడుదురు. రాత్రులందు పొలములకు, తోటలకు కావలి కాయుదురు. కాని వారికి సొంత భూమి లేదు, చదువు లేదు, వారి పక్షమున మాటాడువారును లేరు. అప్పు తీర్చలేక పలువురు వెట్టిచాకిరిలో చిక్కుకొనిరి. ఊరిలో ఏ దొంగతనము జరిగినను మొదటి అనుమానము వారిమీదనే పడుచుండెను. నిజము తేలకముందే దెబ్బలు తినవలసివచ్చెడిది. దెబ్బలు తిన్నవానికి ఎవరితో మొర పెట్టుకొనవలెనో తెలియకుండెను.

ఈ నిస్సహాయులకు అండగా నిలిచినవారు వెన్నెలకంటి రాఘవయ్యగారు. వారు 1897వ సంవత్సరమున నెల్లూరు జిల్లాలో జన్మించిరి. విద్యావంతులై, గాంధీమహాత్ముని మార్గమునకు ఆకర్షితులై, జాతీయోద్యమమున పాల్గొనిరి. దేశమునకు స్వాతంత్ర్యము కావలెనని కోరువారు అందరును గొప్పవారే. అయితే రాఘవయ్యగారి చూపు మరియొక దిక్కునకు కూడ ప్రసరించెను. తెల్లవారి పాలన తొలగినను, రాత్రివేళ నిర్భయముగా నిద్రింపజాలని మనుష్యుడు స్వతంత్రుడు ఎట్లగును? ఈ ప్రశ్న వారిని యానాదుల గుడిసెలకు నడిపించెను.

ఆ కాలమున యానాదులను పీడించుచుండినది కేవలము ఊరివారి అనుమానము మాత్రమే కాదు. ప్రభుత్వపు శాసనము కూడ ఆ అనుమానమునకు తోడై నిలిచెను. ఆంగ్లేయ ప్రభుత్వము 1871లో నేరస్థ జాతుల చట్టమును చేసెను. 1911లో అది మద్రాసు రాజధానికి కూడ వర్తించెను. 1924లో దానిని మరల సవరించి కట్టుదిట్టము చేసిరి. నెల్లూరు జిల్లాలోని యానాదులును ఆ శాసనపు నీడలో పడిరి.

ఆ చట్టము ఎట్టిదో బాలబాలికలు తెలిసికొనవలెను. ఒక మనుష్యుడు నేరము చేసెనా, లేదా అని అది విచారింపదు. అతడు ఏ కులమున పుట్టెనని మాత్రమే విచారించును. ప్రభుత్వము ఒక జాతిని నేరస్థజాతియని ప్రకటించినచో, అందలి వారి పేర్లను పట్టికలో వ్రాసి వ్రేలిముద్రలు తీసికొందురు. పట్టికకెక్కినవాడు నియమిత కాలమున అధికారుల యెదుట హాజరు కావలెను. ఇల్లు విడిచి పోవలెనన్నను తెలుపవలెను. కొందరిని ప్రత్యేక నివాసములలో నిర్బంధించిరి. ఆ జిల్లాలోనే కావలి ప్రాంతమున, కప్పరాళ్లతిప్పయందు అట్టి నివాసము ఒకటి వెలసెను. పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేయుటకు కూడ ఆ చట్టము అవకాశమిచ్చెను.

దీనివలన కలిగిన బాధను ఊహింపుడు. యానాది జీవనము సంచారముమీద ఆధారపడినది. నీరు తగ్గిన మడుగును, పంట కోసిన చేనును వెదకుచు పోయిననే అతని ఇంట పొయ్యి వెలుగును. హాజరునకు నిలిచినచో పిల్లలు పస్తుందురు; చేపలకు పోయినచో తాను నేరస్థుడగును. అన్నిటికంటె ఘోరమైన సంగతి మరియొకటి కలదు. ఒక జాతిని అట్లు ప్రకటించుట న్యాయమా యని ప్రశ్నించుటకు ఏ న్యాయస్థానమునకును అధికారము లేకుండెను.

రాఘవయ్యగారు యానాదుల పల్లెలకు పోయి, వారి గుడిసెల ముంగిట కూర్చుండి, వారి కష్టములను వినిరి. వారికి కావలసినది దానము కాదనియు, తమ్ము తాము రక్షించుకొను శక్తియనియు గ్రహించిరి. ఆత్మరక్షణ యనగా కఱ్ఱ పట్టుటయే యని పలువురు తలంతురు. యానాది కఱ్ఱ ఎత్తినచో ఏమగును? అతడు పుట్టుకతోనే దుష్టుడని చెప్పువారికి అదియే సాక్ష్యమగును. చట్టప్రకారము పట్టికకెక్కినవాడు కొన్ని నేరములలో రెండవసారి శిక్షితుడైనచో ఏడేండ్లకు తగ్గని కారాగారమును, మూడవసారి యావజ్జీవ ద్వీపాంతరవాసమును పొందవలసియుండెను. కావున దెబ్బకు దెబ్బ వారిని రక్షింపజాలదు; మరింత లోతున పడద్రోయును.

అందుచేత రాఘవయ్యగారు వేరొక విద్యను వారికి నేర్ప పూనుకొనిరి. అందు మొదటి పాఠము ఐకమత్యము. ఒంటరివానిని కొట్టుట సులభము. పదిమంది ఒక్కటియై నిలిచి సాక్ష్యము చెప్పు చోట చేయి చేసికొనుటకు బలవంతుడును సంకోచించును. కావున వారు యానాదులను సంఘముగా కూర్చిరి. రెండవ పాఠము అక్షరము. చదువురానివాడు తనమీద వ్రాసిన కాగితమునందు ఏమున్నదో తెలియకయే వ్రేలిముద్ర వేయును. అందుచే పిల్లల చదువు ఆ సంఘపు పనులలో ముఖ్యమయ్యెను. మూడవ పాఠము ధైర్యము. అన్యాయము జరిగినపుడు తలవంచి ఊరకుండక, అర్జీ వ్రాసి అధికారికి పంపవలెను. అతడు విననిచో పై అధికారికి పంపవలెను. తరతరముల భయము నెమ్మదిగా సడలుటకు ఇట్టి చిన్న పనులే దారి చూపును.

ఈ పని సులువైనది కాదు. చవుకగా దొరకు కూలివానిని వదలుకొనుట పెత్తందారులకు ఇష్టము లేదు. యానాదులలోనే పలువురకు మొదట నమ్మకము కలుగలేదు. తమ గుడిసెలకు వచ్చు పెద్దమనుష్యులను చూచి భయపడుటయే వారికి అలవాటు. రాఘవయ్యగారు ఓర్పుతో ఆ నమ్మకమును సంపాదించిరి. న్యాయస్థానము ప్రశ్నింపజాలని శాసనమును శాసనకర్తలే తొలగింపవలెనని, ఆ చట్టము రద్దు కావలెనని ఎడతెగక కృషి సల్పిరి. దేశమందలి ఇతర పెద్దలును ఆ యత్నమునకు తోడైరి. తుదకు మద్రాసు రాష్ట్రమున 1947లో ఆ చట్టము తొలగెను. 1952 ఆగస్టు 31వ తేదీన దేశమంతటను అది రద్దయ్యెను. నిన్నటివరకు నేరస్థులనిపించుకొన్న జాతులు నాటినుండి విముక్త జాతులైనవి.

శాసనము తొలగినంతమాత్రమున అనుమానము తొలగదని రాఘవయ్యగారు ఎరుగుదురు. ఠక్కర్ బాపా 1948లో స్థాపించిన భారతీయ ఆదిమజాతి సేవక సంఘముతో కలిసి గిరిజనుల సేవలో పెక్కేండ్లు గడపిరి. యానాదులను గూర్చి లోకమునకు సత్యము తెలియవలెనని 1962లో ఆంగ్లమున ఒక గ్రంథమును ప్రకటించిరి. సంచార జాతులను గూర్చి 1968లో మరియొక గ్రంథమును వెలువరించిరి. ఒక జాతిని గూర్చి తెలియనివాడే దానిని చూచి భయపడును. భయపడినవాడే ముందుగా చేయి ఎత్తును. కావున ఆ గ్రంథరచన కూడ హింసను నివారించు ప్రయత్నమే.

భారత ప్రభుత్వము 1973లో రాఘవయ్యగారిని పద్మభూషణ బిరుదముతో గౌరవించెను. వారు 1981లో పరమపదించిరి.

వారి తరువాత కూడ దుర్బలుల రక్షణకై శాసనములు వచ్చినవి. షెడ్యూల్డు కులములపైనను తెగలపైనను జరుగు అత్యాచారములను నివారించుటకు 1989లో పార్లమెంటు ఒక చట్టమును చేసెను. ఒకనాడు యానాదిని నిర్బంధించిన శాసనమే ఉండెను. నేడు యానాదిని కొట్టినవానిని శిక్షించు శాసనమున్నది. ఈ మార్పు దానంతట అది వచ్చినది కాదు. అయినను శాసనము పుస్తకములో నున్నంతమాత్రమున దెబ్బ ఆగదు. దానిని చదివి తెలిసికొన్నవాడును, పొరుగువానికి సాక్షిగా నిలుచువాడును ఊరిలో ఉండవలెను.

మీ ఊరిలో ఏదైన వస్తువు పోయినపుడు, ఎవనిమీదనో నింద వేయుటకు ముందు ఒక్క క్షణము ఆగి ఆలోచింపుడు. మీ తరగతిలో అందరును ఏడిపించు బాలుడుండినచో, వాని ప్రక్కన పోయి కూర్చుండుడు. రాఘవయ్యగారు చేసిన మహాకార్యము కూడ, ఒక గుడిసె ముంగిట కూర్చుండుటతోనే మొదలయ్యెను.